యోసెపా – పరదేశంలో తొలి దినాలు

ఉద్దేశం

కొత్త దేశంలో అడుగుపెట్టినవాడికి తొలి దినాలే పరీక్షాకాలం. భాష, ఆహారం, ఆచారం అన్నీ అపరిచితాలు. బోధించడానికి వెళ్ళిన ఒక బాలుడు ముందుగా తానే విద్యార్థిగా మారిన తీరును, కష్టకాలంలో అతడికి ఆశ్రయమిచ్చిన ప్రజల ఔదార్యాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఒక భాషను ఆ భాష మాట్లాడే ప్రజల నడుమ ఉండి నేర్చుకోవడంలోని విశిష్టతను విద్యార్థులచేత గుర్తింపజేయడం మరొక ఉద్దేశం.

నేపథ్యం

లోకం 'మార్మన్లు' అని వ్యవహరించే క్రైస్తవ సమాజం అసలు పేరు 'యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం'. దీనిని 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసఫ్ స్మిత్ స్థాపించాడు. ఇరుగుపొరుగువారి వైరాన్ని తట్టుకోలేక ఈ సమాజంవారు ఊరు వెంట ఊరు మారుతూ, 1847లో పడమటి ఎడారి ప్రాంతంలోని సాల్ట్‌లేక్ లోయకు చేరి స్థిరపడ్డారు. జీతభత్యాలు లేకుండా దేశదేశాలకు ప్రచారకులను పంపడం ఈ సంఘపు ఆచారం. నేటికీ ఈ సంఘానికి చెందిన యువకులు పద్దెనిమిదేళ్ళు నిండాక రెండేళ్ళపాటు ఈ సేవకు వెళుతుంటారు. వారి సంఘపు చరిత్రలో పదిహేనేళ్ళకే సముద్రం దాటిన ఒక బాలుడి కథ ఇది.

పాఠ్యభాగం

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అన్నారు పెద్దలు. కాని ఊరుగాని ఊరిలో, ఆ ఊరి మాటే రానివాడు ఏం చేయాలి? అతడు నోరుండీ మూగవాడే. చెవులుండీ చెవిటివాడే. ఆకలిని చెప్పుకోలేడు, జబ్బును వివరించలేడు, చేసిన మేలుకు కృతజ్ఞత తెలుపలేడు. ఇటువంటి స్థితిలో పడినవాడు పండితుడైనా పసివాడితో సమానం. 1854లో హవాయి ద్వీపాలకు వెళ్ళిన జోసఫ్ ఎఫ్. స్మిత్ అయితే నిజంగానే ఇంచుమించు పసివాడు.

జోసఫ్ ఎఫ్. స్మిత్ 1838 నవంబరు 13న మిస్సోరి రాష్ట్రంలో జన్మించాడు. సంఘస్థాపకుడైన జోసఫ్ స్మిత్ అతడికి స్వయానా పినతండ్రి. తండ్రి పేరు హైరమ్. 1844 జూన్ 27న కార్తేజ్ పట్టణపు చెరసాలలో ఉన్న అన్నదమ్ములిద్దరినీ అల్లరిమూక కాల్చి చంపింది. అప్పటికి బాలుడికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు.

తల్లి మేరీ ఫీల్డింగ్ ఇంగ్లండులో పుట్టిన స్త్రీ. ధైర్యశాలి. 1848లో ఆమె పిల్లలను వెంటబెట్టుకొని ఎద్దుబండ్లతో సాల్ట్‌లేక్ లోయకు ప్రయాణమైంది. తొమ్మిదేళ్ళ కొడుకు పగ్గాలు పట్టి బండి తోలాడు. ఈ వితంతువు దారిలో అందరికీ భారమవుతుందని దళనాయకుడు చులకన చేశాడట. ఆమె మాత్రం అతడికంటే ముందే గమ్యం చేరుకొన్నది. బిడ్డలకు ఇంత అండగా నిలిచిన ఆ తల్లి 1852 సెప్టెంబరులో కన్నుమూసింది. పదమూడేళ్ళ వయస్సులో జోసఫ్ తల్లిదండ్రులు ఇద్దరూ లేనివాడయ్యాడు.

ఆ దుఃఖం అతడిలో కోపంగా మారింది. ఒకనాడు బడిలో ఉపాధ్యాయుడు అతడి చెల్లెలు మార్తా ఆన్‌ను తోలుపట్టీతో కొట్టబోయాడు. జోసఫ్ అడ్డుపడ్డాడు. ఉపాధ్యాయుడు తనమీదికి తిరగగానే ఆయనమీద చేయి చేసుకొన్నాడు. దానితో చదువు ముగిసింది. తల్లి పోయిన తర్వాతి ఆ కాలంలో తాను అదుపు తప్పి తిరిగే తోకచుక్కలా ఉండేవాడినని చాలా ఏళ్ళ తరువాత ఆయనే ఒక లేఖలో రాసుకొన్నాడు.

బడి విడిచిన కొద్దికాలానికి, 1854 ఏప్రిల్‌లో జరిగిన సంఘ మహాసభలో హవాయికి వెళ్ళవలసిన ప్రచారకుల పేర్లు చదివారు. వారిలో జోసఫ్ పేరు కూడా ఉన్నది. అప్పటికి అతడి వయస్సు పదిహేనేళ్ళు. ఆ కాలంలో ప్రచారకులుగా వెళ్ళినవారిలో చాలామంది అతడికంటే పెద్దవారు, సంసారులు. బాలుడు ఎదురు చెప్పలేదు. మే నెలాఖరున తోటివారితో కలిసి గుర్రాలమీద, బండ్లమీద ఎడారులు దాటి కాలిఫోర్నియా చేరాడు. ఓడ ప్రయాణానికి చేతిలో డబ్బు లేదు. కొండలలో ఇంటికప్పులకు వాడే చెక్కపలకలు తయారుచేసేచోట కూలికి కుదిరి, ఆ సంపాదనతో ప్రయాణపు ఖర్చు సమకూర్చుకొన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కి 1854 సెప్టెంబరు 27న హవాయి రాజ్యపు రాజధాని హొనొలులులో దిగాడు.

నేడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటైన హవాయి అప్పుడు స్వతంత్ర రాజ్యం. మూడవ కమెహమెహా రాజు పాలన సాగుతున్నది. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ ద్వీపాలలో లోలోపల పెద్ద విషాదం నడుస్తున్నది. 1778లో ఐరోపా నావికులు తొలిసారిగా అక్కడికి చేరేనాటికి ద్వీపవాసులు కొన్ని లక్షలమంది ఉండేవారని పరిశోధకుల అంచనా. ఓడలతోపాటు వారెరుగని రోగాలు దిగాయి. వాటిని తట్టుకొనే శక్తి వారి దేహాలకు లేకపోయింది. 1853 నాటి జనాభా లెక్కలలో తేలిన సంఖ్య సుమారు 73,000 మాత్రమే. అదే సంవత్సరం మశూచి వ్యాపించి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. పరదేశి కనబడితే తలుపు మూసుకోవడానికి ద్వీపవాసులకు కావలసినన్ని కారణాలు ఉన్నాయి. అయినా వారు తలుపులు మూయలేదు. ఈ కథకు ఆధారం ఆ తెరచిన తలుపే.

జోసఫ్ కంటే ముందు, 1850 డిసెంబరులో పదిమంది మార్మన్ ప్రచారకులు ఆ ద్వీపాలకు వచ్చారు. తెల్లవారికి వారి భాషలోనే బోధించవచ్చునని వారి ఆశ. కాని అక్కడ తెల్లవారు బహుకొద్దిమంది. వారికి వేరే చర్చీలు ముందే ఉన్నాయి. వినేవారు లేక, ద్వీపవాసుల భాష రాక, పదిమందిలో సగంమంది కొద్దినెలల్లోనే ఇంటిముఖం పట్టారు. నిలిచినవారిలో జార్జ్ క్యూ. కానన్ అనే ఇరవైమూడేళ్ళ యువకుడు ఒకడు. ఎవరు వెళ్ళినా తాను ఇక్కడే ఉండి ఈ ప్రజల భాష నేర్చుకొంటానని అతడు నిశ్చయించుకొన్నాడు. మౌయి ద్వీపంలో జొనాథన్ నపెలా అనే విద్యావంతుడైన ద్వీపవాసి అతడికి ఆతిథ్యమిచ్చాడు, అండగా నిలిచాడు. తరువాత వచ్చిన ప్రచారకులకు ఆ నపెలాయే తన ఇంట భాష నేర్పాడు. బోధకులకు బోధించినవాడు ఒక హవాయీయుడు అన్న సంగతి గమనించదగినది.

హొనొలులులో దిగిన జోసఫ్‌ను సంఘపు పెద్దలు మౌయి ద్వీపంలోని కూల ప్రాంతానికి నియమించారు. 'సూర్యగృహం' అని అర్థం వచ్చే హలేయాకలా అనే అగ్నిపర్వతం వాలులో ఉన్న మెట్టనేల అది. పర్వతశిఖరం సముద్రమట్టానికి మూడువేల మీటర్లకు పైగా ఎత్తు. అక్కడి రైతులు బంగాళాదుంపలు పండించి కాలిఫోర్నియా బంగారు గనులవారికి ఎగుమతి చేసేవారు. చేతిలో ధనం లేదు. జీతం లేదు. ద్వీపవాసులు పెట్టినది తినాలి, వారు చూపినచోట పడుకోవాలి. అదే ప్రచారకుల జీవనవిధానం.

ద్వీపవాసుల ఇళ్ళు ఎక్కువగా గడ్డితో కప్పినవి. మన మొగలిపొద జాతికే చెందిన హలా చెట్టు ఆకులతో అల్లిన చాపలే వారికి పడక, పీట, పరుపు. వారి ప్రధానాహారం పేరు 'పొయి'. అది చేమదుంపతో చేసేది. తెలుగునాట పులుసులోను, వేపుడులోను వాడే చేమ జాతిదే ఆ దుంప. దానిని నేలలో తవ్విన గుంతపొయ్యిలో ఉడికించి, తొక్క తీసి, చెక్కపీటపై రాతితో మెత్తగా దంచి, నీరు కలిపి, ఒకటి రెండు దినాలు పులియనిస్తారు. పులిసిన అంబలిని ఎరిగిన తెలుగువారికి ఆ రుచి ఊహకందుతుంది. గోధుమరొట్టెతో పెరిగిన అమెరికన్లకు అది గొంతు దిగేది కాదు. అందరూ ఒకే పాత్రచుట్టూ కూర్చుండి వేళ్ళతో తీసుకొని తినడం వారికి మరింత వింత. మొదట్లో తాను ఆ పదార్థాన్ని సహించలేకపోయాననీ, తరువాత ప్రార్థనాబలంతో అది తనకు ఇష్టమైన ఆహారం అయిందనీ కానన్ తన జ్ఞాపకాలలో రాశాడు. ఆతిథేయి పెట్టినదాన్ని తిరస్కరించినవాడు ఆ ఇంటిలో పరాయివాడుగానే మిగిలిపోతాడు. నాలుక ముందు రుచిని ఒప్పుకొంటే తరువాత మాటను ఒప్పుకొంటుంది.

ఇక ఆ మాట సంగతి. హవాయి భాషకు చిరకాలం లిపి లేదు. 1820లో వచ్చిన అమెరికన్ ప్రొటెస్టెంటు ప్రచారకులు దానికి రోమన్ లిపిని సమకూర్చారు. 1826 నాటికి అయిదు అచ్చులు, ఏడు హల్లులు, మొత్తం పన్నెండు అక్షరాలు స్థిరపడ్డాయి. యాభైకి పైగా అక్షరాలున్న తెలుగు చదివేవారికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. అయితే ఈ రెండు భాషలకు ఒక చక్కని పోలిక ఉన్నది. తెలుగు అజంత భాష. మన పదాలు అచ్చుతో ముగుస్తాయి. 'రైల్' అనే పరాయి మాటను 'రైలు'గా, 'బస్'ను 'బస్సు'గా చేసుకొని గాని మనం లోనికి రానీయం. హవాయి భాష ఈ విషయంలో మరొక అడుగు ముందుకు వేసింది. పదం చివరనే కాదు, ప్రతి అక్షరోచ్చారణ చివర అచ్చు ఉండవలసిందే. అందులో ద్విత్వాలు లేవు, సంయుక్తాక్షరాలు లేవు.

అటువంటి భాషలో 'జోసఫ్' అన్న పేరు ఇమడదు. 'జ' లేదు, 'ఫ' లేదు, హల్లుతో ముగింపు లేదు. బైబిలు పేర్లకోసం మాత్రం 'స' వంటి కొన్ని పరాయి ధ్వనులను అనువాదకులు నిలుపుకొన్నారు. ఆ విధంగా జోసఫ్ 'యోసెపా' అయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు చివర ఒక కొత్త అచ్చు వచ్చి చేరింది. పేరును తమ నాలుకకు అనుగుణంగా మలచుకోవడం అంటే ఆ మనిషిని తమలో ఒకడిగా కలుపుకోవడమే. బాలుడు వారి భాషలోకి ప్రవేశించకముందే వారి భాష అతడి పేరులోకి ప్రవేశించింది.

అక్షరాలు తక్కువైనంతమాత్రాన భాష సులభమని భావించరాదు. తెలుగులో 'పలు' వేరు, 'పాలు' వేరు. 'కల' వేరు, 'కాల' వేరు. అదేవిధంగా హవాయి భాషలో హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. గొంతులో క్షణకాలం శ్వాసను బిగబట్టి పలికే ధ్వని ఒకటి ఉన్నది. అదికూడా అర్థాన్ని మారుస్తుంది. 'పౌ' అంటే ముగిసినది. అ, ఉ ధ్వనుల నడుమ గొంతు బిగబడితే మసి అని అర్థం. ఆ బిగింపుతోపాటు రెండు అచ్చులూ దీర్ఘాలైతే స్త్రీలు ధరించే వస్త్రం. ఆనాటి ముద్రిత గ్రంథాలలో ఈ భేదాలను సాధారణంగా గుర్తించి రాసేవారు కారు. కనుక పుస్తకం ఎదుట పెట్టుకొని ఎంత చదివినా ప్రయోజనం పరిమితం. చెవి ఒగ్గి వినవలసిందే. తప్పు పలికి నలుగురు నవ్వితే దిద్దుకోవలసిందే.

ఈ స్థితిలో జోసఫ్‌కు జబ్బు చేసింది. కూల చేరిన కొద్దికాలానికే తీవ్రమైన జ్వరం అతడిని పడగొట్టింది. తల్లి లేదు. చెల్లెలు వేల మైళ్ళ దూరాన ఉన్నది. తన బాధను చెప్పుకోవడానికి చాలినంత భాష లేదు. ఆ సమయంలో మహుహీ అనే హవాయి స్త్రీ అతడిని తన ఇంటిలో ఉంచుకొని, కన్నబిడ్డకు చేసినట్లు సేవలు చేసింది. అంతకుముందు ఏడాదే రోగాలు తన జాతిని ఎంతగా నాశనం చేశాయో ఎరిగిన స్త్రీ ఆమె. జ్వరంతో ఉన్న పరదేశిని ఇంటిలోకి తీసుకోవడం ఎంతటి సాహసమో ఆమెకు తెలియకపోదు. అయినా ఆమె చూసినది పరదేశిని కాదు, తల్లిలేని బిడ్డను. బాలుడు ఆమెను అమ్మగా భావించాడు. ఆ పిలుపు జీవితాంతం నిలిచింది.

రోగపీడితుడికి ఒక ఇల్లే పాఠశాల అయింది. అది గోడమీద నల్లబల్ల లేని పాఠశాల. నీరు, నొప్పి, ఆకలి, నిద్ర, చలి అనే మాటలను అవసరమే నేర్పుతుంది. లాలన నేర్పిన మాటలు మరపునకు రావు. మాతృభాషను ప్రతి బిడ్డా అమ్మ ఒడిలో నేర్చుకొంటుంది. జోసఫ్‌కు రెండవ భాషను కూడా ఒక అమ్మ నీడలో నేర్చుకొనే భాగ్యం దక్కింది. దీవికి చేరిన సుమారు వంద దినాలకు ద్వీపవాసులతో వారి భాషలోనే మాట్లాడగలిగానని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. 1855 ఆరంభం నాటికి మౌయిలోని ఊళ్ళు తిరిగి ఆ భాషలోనే ప్రసంగాలు చేశాడు. దైవానుగ్రహం, కృషి తనకు ఆ భాషను ప్రసాదించాయని ఆయన విశ్వాసం. ఆ అనుగ్రహం ఎవరి చేతులద్వారా అందినదో చరిత్ర చదివేవారికి విదితమే.

ఆ తొలి నెలలలోనే రెండు ఘట్టాలు గడిచాయి. నవంబరు 13న జోసఫ్‌కు పదహారేళ్ళు నిండాయి. డిసెంబరు 15న మూడవ కమెహమెహా రాజు మరణించాడు. సుమారు మూడు దశాబ్దాలు ఏలిన ప్రభువు మరణంతో ద్వీపాలు శోకంలో మునిగాయి. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బాలుడు, రాజును పోగొట్టుకొన్న ప్రజల మధ్య ఉన్నాడు. తొలినాడు చూపులకు వింతగా తోచిన మనుషులు తనవలెనే దుఃఖం ఎరిగినవారని గ్రహించడానికి ఇంతకుమించిన పాఠం అక్కరలేదు.

జోసఫ్ మూడేళ్ళు హవాయిలో ఉన్నాడు. మౌయి, హవాయి, మొలొకాయి ద్వీపాలలో బాధ్యతలు వహించాడు. ఆ కాలమంతా మధురంగా సాగిందని చెప్పలేము. 1856లో జరిగిన అగ్నిప్రమాదంలో అతడి బట్టలు, తొలిదినాల దినచర్య పుస్తకాలు బూడిదయ్యాయి. అటుపిమ్మట రాసుకొన్న దినచర్యలలో ఆకలి, పేదరికం, అశుభ్రత గురించిన విసుగు కనిపిస్తుంది. సంఘాన్ని విడిచిపోయిన ద్వీపవాసులపై కోపం కూడా కనిపిస్తుంది. జీవిత చరమదశలో ఆ రోజులను స్మరించుకొంటూ, తనకు ఆనాడు ఆ పేదప్రజల స్నేహం తప్ప మరొకటి లేదని చెప్పిన ఆయనే, అదే వాక్యంలో వారిని గురించి చిన్నచూపు మాటలు కూడా వాడాడు. ఆశ్రయమిచ్చినవారిని ప్రేమించడం ఒక ఎత్తు. వారు తనకు సమానులని గుర్తించడం మరొక ఎత్తు. భాషాజ్ఞానం మొదటి మెట్టు ఎక్కిస్తుంది. రెండవ మెట్టు మనిషి స్వయంగా ఎక్కవలసిందే.

అయినా ఆ మూడేళ్ళు అతడిని తీర్చిదిద్దాయి. 1857లో బయలుదేరి, 1858 ఆరంభంలో సాల్ట్‌లేక్ చేరేసరికి కోపిష్ఠి బాలుడు కనుమరుగై, బాధ్యత ఎరిగిన యువకుడు మిగిలాడు. తనను దారి తప్పకుండా నిలిపినది హవాయి జీవితమేనని ఆయన నమ్మాడు. 1901లో ఆయన సంఘానికి ఆరవ అధ్యక్షుడై, 1918లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.

కాలచక్రం తిరిగి, ఆతిథ్యమిచ్చినవారు అతిథులుగా వెళ్ళవలసిన సందర్భం కూడా వచ్చింది. సంఘంలో చేరిన కొందరు హవాయీయులు దేవాలయానికి దగ్గరగా ఉండాలని సాల్ట్‌లేక్‌కు వలస వెళ్ళారు. అక్కడ వారికి ఎదురైనవి జాతివివక్ష, పనులు దొరకని స్థితి. 1889లో సంఘం వారికోసం పట్టణానికి దూరంగా, స్కల్ లోయ అనే ఎడారి ప్రాంతంలో ఒక ఊరిని ఏర్పాటు చేసింది. ఆ ఊరికి పెట్టిన పేరు 'యోసెపా'. ఒకప్పుడు పచ్చని ద్వీపంలో పరాయి బాలుడికి పెట్టిన పేరు, ఎడారిలో పరాయివారైన ద్వీపవాసుల ఊరికి పేరయింది. మండుటెండను, గడ్డకట్టే చలిని, రోగాలను ఓర్చి వారు సుమారు మూడు దశాబ్దాలు అక్కడ చెట్లు పెంచి, పంటలు పండించారు. హవాయిలోనే దేవాలయ నిర్మాణం మొదలుకావడంతో 1917 నాటికి ఊరు ఖాళీ అయింది. వారి శ్మశానవాటిక మాత్రం నేటికీ ఉన్నది.

అధ్యక్షుడైన తరువాత జోసఫ్ ఎఫ్. స్మిత్ హవాయికి వెళ్ళినప్పటి ఒక సన్నివేశాన్ని ఆయన సహచరుడు చార్లెస్ నిబ్లీ గ్రంథస్థం చేశాడు. ఓడరేవులో జనం పూలమాలలతో గుమిగూడారు. వారి నడుమనుంచి తొంబైయేళ్ళ వృద్ధురాలు ఒకామె వినిపించింది. చూపు పోయింది. చేతిలో కొన్ని అరటిపండ్లు. 'యోసెపా, యోసెపా' అని పిలుస్తూ ఆమె తడుముకొంటూ వస్తున్నది. అధ్యక్షుడు పరుగున వెళ్ళి ఆమెను కౌగిలించుకొని అమ్మా అని పదేపదే పిలిచాడు. ఆపైన కన్నీటితో నిబ్లీవైపు తిరిగి, దిక్కులేని తనను జబ్బులో ఆదుకొని తల్లి అయినది ఈమేనని చెప్పాడు. ఆ వృద్ధురాలే మహుహీ. లోకానికి ఆయన సంఘాధ్యక్షుడు. ఆమెకు మాత్రం జ్వరంతో తన చాపమీద పడుకొన్న యోసెపా.

పరదేశంలోని తొలి దినాలు మనిషిని అతడి అసలు కొలతకు దింపుతాయి. విద్య, వంశం, పదవి అక్కడ పనికిరావు. ఆకలి వేస్తే ఎవరో పెట్టాలి, మాట రాకపోతే ఎవరో నేర్పాలి. నేడు చదువుకోసం, ఉద్యోగం కోసం తెలుగు యువత దూరదేశాలకు వెళుతున్నది. ఇతర రాష్ట్రాలవారు, ఇతర దేశాలవారు మన ఊళ్ళకు వస్తున్నారు. వెళ్ళినచోట వినయంతో నేర్చుకోవడం, వచ్చినవాడికి విసుగులేకుండా నేర్పడం ఒకే సంస్కారానికి రెండు ముఖాలు. మహుహీ ప్రసంగాలు చేయలేదు, గ్రంథాలు రాయలేదు. అయినా ఆ దీవికి బోధించడానికి వచ్చినవాడికి తొలి గురువు ఆమెయే.

కఠిన పదాలు – అర్థాలు

అపరిచితం = పరిచయం లేనిది
ఔదార్యం = ఉదారగుణం, దాతృత్వం
వైరం = పగ, శత్రుత్వం
వితంతువు = భర్తను కోల్పోయిన స్త్రీ
మశూచి = అమ్మవారు, పెద్దమ్మవారు అని వ్యవహరించే అంటురోగం
ఆతిథేయి = అతిథికి మర్యాద చేసే వ్యక్తి
అజంతం = అచ్చు చివర కలది (అచ్ + అంతం)
లాలన = బుజ్జగింపు, గారాబంగా చూడటం
విదితం = తెలిసినది
చరమదశ = చివరి దశ
గ్రంథస్థం చేయు = పుస్తకంలో నమోదు చేయు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హవాయిలో జోసఫ్ ఎఫ్. స్మిత్ తొలి దినాల అనుభవాలను వివరించండి.
2. 'బోధించడానికి వచ్చినవాడికి తొలి గురువు ఆమెయే' అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు, హవాయి భాషల మధ్య గల పోలికలను తెలపండి.
2. 1854 నాటి హవాయి ద్వీపాల పరిస్థితిని వర్ణించండి.
3. యోసెపా అనే ఊరి చరిత్రను సంగ్రహంగా రాయండి.
4. ఆశ్రయమిచ్చినవారిని ప్రేమించడానికి, సమానులుగా గుర్తించడానికి గల భేదాన్ని పాఠం ఎట్లా చూపింది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఈ కథకు ఆధారం ఆ తెరచిన తలుపే.
2. నాలుక ముందు రుచిని ఒప్పుకొంటే తరువాత మాటను ఒప్పుకొంటుంది.
3. రెండవ మెట్టు మనిషి స్వయంగా ఎక్కవలసిందే.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. జోసఫ్ ఎఫ్. స్మిత్ తల్లి పేరేమిటి?
2. హవాయి అక్షరమాలలో స్థిరపడిన అక్షరాలెన్ని?
3. పొయిని ఏ దుంపతో తయారుచేస్తారు?
4. ప్రచారకులకు తన ఇంట భాష నేర్పిన హవాయీయుడు ఎవరు?

V. వ్యాకరణాంశాలు
సంధులు: విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి; ప్రధానాహారం = ప్రధాన + ఆహారం – సవర్ణదీర్ఘ సంధి; కాలమంతా = కాలము + అంతా – ఉత్వ సంధి.
సమాసాలు: తల్లిదండ్రులు = తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం; రోగపీడితుడు = రోగముచేత పీడితుడు – తృతీయా తత్పురుష సమాసం; మూడేళ్ళు = మూడైన ఏళ్ళు – ద్విగు సమాసం.

VI. భాషాకార్యం
మీ ఊరికి ఇతర ప్రాంతంనుంచి వచ్చి స్థిరపడిన ఒకరిని కలుసుకోండి. వారు తెలుగులో మొదట నేర్చుకొన్న పది మాటలేమిటో, వాటిని ఎవరు నేర్పారో అడిగి తెలుసుకొని ఒక పేజీకి మించకుండా రాయండి.